పిడి విరిగిన కప్పు

“అతను మోసగాడైతే మీ దగ్గరికి వచ్చేదాన్నే కాదు పిన్నిగారూ. మోసగాణ్ణి ఎలా వదిలించుకోవాలో నాకు తెలుసు. మాట మీద నిలబడేవాడు కాబట్టే భయంగా ఉంది.”

ఆ అమ్మాయి ఇంతవరకూ చెప్పి, నా బల్ల మీదున్న కళ్లజోడు తీసుకుని సంచిలోంచి మెత్తటి గుడ్డ తీసి తుడవడం మొదలుపెట్టింది. తుడవమని నేనేమీ అడగలేదు. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని ఆమెది. ఎవరి అద్దం మీదైనా వేలిముద్ర కనిపిస్తే ఊరుకోలేని చేతులు. ఇరవై నాలుగేళ్లుంటాయి. పక్కన వాళ్లక్క కూర్చుంది. పిల్లలకి ఈత నేర్పే టీచరు. విశాలమైన భుజాలు, సూటి చూపు.

నన్ను అందరూ పిన్ని అనే అంటారు. అది చుట్టరికంతో వచ్చిన పిలుపు కాదు, వృత్తితో వచ్చింది. ముప్పై ఏళ్లు పెళ్లి విచారణలు చేసిన డిటెక్టివ్‌ని నేను. అబ్బాయి తాగుతాడా, అమ్మాయికి ముక్కు మీద కోపమా, కాబోయే అత్తగారి నోరెలాంటిది, ఇవన్నీ గుట్టుగా కనుక్కుని చెప్పడమే నా పని. “ఇక్కడేదైనా ఇల్లు అద్దెకుందా అమ్మా” అంటూ పొరుగింటి గడప దగ్గర కూలబడి మంచినీళ్లు అడిగేదాన్ని. రెండో గ్లాసు ఖాళీ అయ్యేసరికి ఆ వీధి మొత్తానికి పిన్నినైపోయేదాన్ని. ఎంత మాట్లాడేవారో అప్పటి మనుషులు! అలాంటి గడపలు ఇప్పుడు లేవు. తలుపు మీద కెమెరా ఉంటుంది, “ఎవరు కావాలి” అంటుంది. ఏడాదికి ఒక కేసు వస్తే గొప్ప.

ఈ కేసు గురించి ముందురోజే ఫోన్లో విన్న మా ఆయన, ఈ కాలం పిల్లలు వంకాయలు ఏరినట్టు ఫోన్లో మనుషుల్ని ఏరుకుంటున్నారని నిట్టూర్చాడు. మనిద్దరినీ ఏరింది మీ మేనత్త కాదూ, ఆవిడ దగ్గరున్నది నా ఫోటో ఒక్కటే, అందులోనూ నేను పక్కకి తిరిగి ఉన్నాను కదా అన్నాను. ఆయన పేపర్ వెనక్కి వెళ్లిపోయాడు.

ఆ అమ్మాయి చెప్పింది చెప్పినట్టు రాస్తాను. మూడు నెలల క్రితం ఒక డేటింగ్ యాప్‌లో ఒక కుర్రాడు పరిచయమయ్యాడు. ఒక ఆఫీసులో ఫైళ్లు చూస్తానన్నాడు. మాటలు కలిశాయి. మూడుసార్లు కలుసుకున్నారు. మొదటి రోజే ఇద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు. నచ్చకపోతే నచ్చలేదని మొహం మీద చెప్పాలి, చెప్పాపెట్టకుండా మాయమవకూడదు. మూడోసారి కలిసిన మర్నాటి నుంచీ అతని దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. నాలుగు రోజులైంది. పోలీసు స్టేషన్లో నవ్వి పంపించేశారట.

నేను నా పాత పద్ధతిలో అడగడం మొదలుపెట్టాను. ఇంటి అడ్రసు ఇచ్చావా? ఇవ్వలేదు. ఫోటోలు అడిగాడా? అడగలేదు, అడిగితే అక్కడితో ఆఖరు. అసలు ముఖం నిజమేనని ఎలా తెలుసు? వీడియోలో చూడకుండా ఎవరినీ కలవదట. కలిసేది పట్టపగలు, నలుగురూ తిరిగే చోట. వెళ్లేదీ వచ్చేదీ తన బండి మీదే. ఎవరి కాఫీ డబ్బులు వాళ్లే ఇచ్చుకోవాలి. ఒకేసారి నలుగురితో మాటలు నడపదు, తలలో గోల ఎక్కువవుతుందంది. రాత్రి భోజనం కాగానే ఫోను అలమార మీద పెట్టేస్తుంది. ఎవరేం రాసినా తెల్లారాకే చూస్తుంది. ఎక్కడికి వెళ్తున్నదీ ముందుగా ఒకరికి చెప్పకుండా అడుగు బయటపెట్టదు. అన్నిటికీ మించి, కలిసినప్పుడల్లా వాళ్లక్క రెండు బల్లల అవతల కూర్చుంటుంది.

“తోడుపెళ్లికూతురివన్నమాట,” అన్నాను అక్కతో.

“పెళ్లీ లేదు, కూతురూ లేదు పిన్నిగారూ. తోడు ఒక్కటే మిగిలింది. మూడుసార్లూ తిన్న కేకులు నడుముకి మిగిలాయి.”

ఇన్ని జాగ్రత్తలు ఎవరు నేర్పారని అడిగాను. చెల్లెలు కళ్లజోడు తిరిగి బల్ల మీద పెట్టింది. తర్వాత చెప్పింది. పోయిన ఏడాది అదే యాప్‌లో ఇంకొకడు తగిలాడు. మొదటి వారమే నిన్నొదిలి బతకలేనన్నాడు. నెల తిరిగేసరికి గంటగంటకీ ఎక్కడున్నావో ఫోటో తీసి పంపమన్నాడు. అక్కతో మాట్లాడితే అలిగేవాడు. నీ ఫోను తాళం నాకు చెప్తే తప్పేముంది అనేవాడు. ఆమె అసలు పేరుతో ఏనాడూ పిలవలేదు, చిలకా అనేవాడు.

“మొదట్లో ముద్దుగానే ఉండేది పిన్నిగారూ. తర్వాత తర్వాత ఆ మాట వింటే చుట్టూ ఊచలు కనిపించేవి.”

అక్కకి చెప్పేసి, వాణ్ణి బ్లాక్ చేసి, యాప్ వాళ్లకి ఫిర్యాదు చేసింది. ఆర్నెల్లు ఆ వైపు చూడలేదు. చూసినప్పుడు ఈ పద్ధతులతో చూసింది. అద్దం పగిలిందని కళ్లజోడు మానేస్తామా, కొత్త అద్దం సరిగ్గా బిగించుకుంటాం అంది. ఆ మాట నాకు నచ్చింది.

“సరే. ఇంతమందిలో ఈ కుర్రాడే ఎందుకు నచ్చాడు తల్లీ?”

ఆమె ముఖం మెత్తబడింది.

“మిగతావాళ్లంతా ఏం సినిమాలిష్టం, ఏ ఊళ్లు తిరిగావు అని అడుగుతారు. ఇతను రెండోసారి కలిసినప్పుడు ఒకటి అడిగాడు. ‘మీ ఇంట్లో కప్పు పగిలితే ఏం చేస్తారు?’ అని.”

నా చేతిలో కాఫీ గ్లాసు ఉంది. అది మెల్లగా కింద పెట్టాను.

ఆమె చెప్పుకుపోతోంది. వాళ్లింట్లో ఎవరు పగలగొట్టారని ఎవరూ అడగరట. పిడి ఊడితే అమ్మ అందులో పెన్నులు పెట్టేదట. అమ్మ పోయాక కూడా అలాంటి కప్పులు మూడు మిగిలాయట. అమ్మ గురించి ఒక్క ప్రశ్నా అడగకుండానే తనచేత అమ్మ గురించి అంతా చెప్పించాడని ఆ రోజు ఇంటికెళ్లి ఏడ్చిందట. మూడోసారి కలిసినప్పుడు ఆ కప్పుల్లో ఒకటి, నీలం గీత ఉన్నది, అతనికి ఇచ్చేసింది.

వాళ్లు వెళ్లాక దేవుడి ముందు కూర్చున్నాను. ఏ కేసు మొదలుపెట్టినా అడిగేది ఒకటే. నాకు దొరికేది ఎవరికో ఒకరికి మేలు చేసేదై ఉండనివ్వు స్వామీ అని. ఆయన సరేననీ అనలేదు ఎప్పుడూ, వద్దనీ అనలేదు. ఈసారి మాత్రం ఇంకో మాట కూడా అడిగాను. నా ప్రశ్న వాడి నోట్లోకి ఎలా వెళ్లింది?

ఎందుకంటే ఆ ప్రశ్న నాది. కప్పు పగిలితే ఏం చేస్తారో అడిగితే ఆ ఇంట్లో ఎవరికి ఎవరంటే భయమో, ఎవరు దాస్తారో, ఎవరు సర్దుకుపోతారో అన్నీ బయటికొస్తాయి. ఒక వానాకాలం సాయంత్రం, ఎవరింటి వసారాలోనో తలదాచుకుని నిలబడి, దాన్ని ఒకే ఒక్కడికి నేర్పాను.

*

వాళ్లు కలుసుకున్న కాఫీ గది ఒక పాత భవనం మెట్ల కింద ఉంది. ఎనిమిది బల్లలు. గంట కొట్టే తలుపు. అక్కాచెల్లెళ్లు చెప్పిన గుర్తుల ప్రకారం మొదటి రెండుసార్లూ ఆ కుర్రాడు కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాను.

కూర్చోగానే ఆ కుర్చీ ఎందుకు ఎంచుకున్నాడో అర్థమైంది. వెనక గోడ. ఎదురుగా నిలువెత్తు అద్దం. ఆ అద్దంలో తలుపు కనిపిస్తుంది, అక్క కూర్చున్న బల్లా కనిపిస్తుంది. అంటే రెండు బల్లల అవతల తోడు ఉందని మొదటి రోజునుంచే వాడికి తెలుసు. సంచి పక్క కుర్చీలో పెట్టేవాడనీ, దాని మూతి తనవైపు తిరిగి ఉండేదనీ ఆ అమ్మాయి యథాలాపంగా చెప్పింది. నా రోజుల్లో అది ఊలు బుట్ట. అడుగున టేపు రికార్డరు, పైన అల్లుతున్నట్టు సగం స్వెట్టరు. ఆ స్వెట్టరు పదకొండేళ్లు సగంలోనే ఉంది. మా ఆయన పాపం ప్రతి చలికాలం ఆశగా చూసేవాడు.

కాఫీ గది ఆవిడ నా వయసుదే. కుర్రాడి పోలికలు చెప్పగానే గుర్తుపట్టింది.

“బిల్లు అబ్బాయేనా? ఒక్క కాఫీ తాగి బిల్లు రాసిమ్మంటాడు. తారీఖు వెయ్యమంటాడు. అమ్మాయితో వచ్చినవాడు బిల్లేం చేసుకుంటాడండీ, ఫ్రేము కట్టించుకుంటాడా?”

ప్రతిసారీ అడిగాడా అన్నాను. ఆవిడ ఆలోచించింది. ఆఖరిసారి అడగలేదంది. అలవాటు కొద్దీ రాయబోతే వద్దండీ అన్నాడట. ఆ రోజు కూర్చున్నది కూడా ఇక్కడ కాదట, కిటికీ దగ్గర.

కిటికీ దగ్గరి బల్లకి వెళ్లి చూశాను. అక్కడ కూర్చుంటే వీపు తలుపు వైపు ఉంటుంది. అద్దం కనిపించదు. కనిపించేది ఎదురుగా కూర్చున్న మనిషి ఒక్కరే. సంచి ఎక్కడ పెట్టాడని ఆ అమ్మాయికి ఫోన్ చేసి అడిగితే, కాళ్ల దగ్గర నేల మీద పెట్టాడనీ, జిప్పు కూడా వేసే ఉందనీ చెప్పింది.

పనిలో ఉన్నవాడు తలుపుకి వీపు పెట్టడు. తిరిగి ఖర్చు రాబట్టుకోవాల్సినవాడు బిల్లు మానడు. మొదటి రెండుసార్లూ ఆ కుర్రాడు ఉద్యోగం మీద వచ్చాడు. మూడోసారి తనంతట తాను వచ్చాడు.

ఇక ఒక్కటే కనుక్కోవాలి. ఉద్యోగం ఎవరిచ్చారో నాకు తెలుసు. ఆ ఉద్యోగం ఎవరికోసం?

*

కప్పు ప్రశ్న నేను నేర్పిన ఆ ఒక్కణ్ణి మా వృత్తిలో అందరూ సర్టిఫికెట్ అంటారు. గోడ రంగు కనిపించనన్ని సర్టిఫికెట్లు కట్టించి పెట్టుకున్నాడు మరి. నా దగ్గర చేరినప్పుడు ఇరవై రెండేళ్లవాడు. బెల్లు మోగని సైకిలు, మోచేతుల దగ్గర అతుకులు వేసిన చొక్కా. వానొస్తే నా గొడుగులో సగం వాడిది. నేను కూర్చున్న గడప బయట నిలబడి, లోపలి మాటలన్నీ గుర్తుపెట్టుకుని, దారిలో నాకు అప్పజెప్పేవాడు. ఒక్క మాట పొల్లు పోయేది కాదు. ఇప్పుడు అద్దాల ఆఫీసు, కింద పన్నెండుమంది, మెడకి టై.

మూడున్నర దాటాక వెళ్లాను. వాడి గదికి వెళ్లాలంటే ఉద్యోగుల బల్లల మధ్యనుంచి నడవాలి. ఆఖరి బల్ల ఖాళీగా ఉంది. దాని మీద ఒక కప్పు, కప్పులో నాలుగు పెన్నులు. కప్పుకి నీలం గీత ఉంది. పిడి లేదు.

నేను ఆగలేదు.

“రండి పిన్నీ, ఎన్నాళ్లకి! కూర్చోండి.”

“కూర్చోడానికి రాలేదు నాయనా. కప్పు పగిలితే మీ ఆఫీసులో ఏం చేస్తారో చూద్దామని వచ్చాను. పెన్నులు పెట్టుకుంటారన్నమాట.”

వాడి ముఖం కదల్లేదు. ఎడమచేయి మాత్రం చెవి తమ్మెని పట్టుకుంది. ఇరవై రెండేళ్లప్పుడూ అంతే, దొరికిపోతే చెయ్యి చెవి మీదికి వెళ్లేది. సర్టిఫికెట్లు వచ్చాయిగానీ చెవి మారలేదు.

మొదట బుకాయించాడు. తర్వాత వృత్తి రహస్యం అన్నాడు. ఆ తర్వాత కోపం వచ్చింది, కోపంతో పాటు నిజం వచ్చింది. ఇది పెళ్లి విచారణే. పెళ్లికొడుకు తరఫువాళ్లు అమ్మాయి ఎలాంటిదో కనుక్కోమన్నారు. అమ్మాయి యాప్‌లో ఉందని వాళ్లే చెప్పారు. వీడు తన ఉద్యోగిని ఒకణ్ణి, వాడి సొంత ఫోటోతోనే, ఆ యాప్‌లోకి పంపాడు.

“మీ కాలం కాదు పిన్నీ ఇది. ఎదురింటివాళ్ల పేరు ఎదురింటివాళ్లకి తెలీదు. ఎవరి గడప దగ్గర కూర్చుని ఎవర్ని అడగమంటారు? నిజం వాళ్లనే అడగాలి. వాళ్లున్న చోటికే వెళ్లి అడిగాను.”

“ప్రేమిస్తున్నట్టు నటించి?”

“మీరు చేసిందేమిటి? ఇల్లు అద్దెకి కావాలని ఎన్ని ఇళ్లలో మంచినీళ్లు తాగారు? ఒక్క ఇంట్లోనైనా దిగారా?”

ఆ ప్రశ్న బాగానే తగిలింది. శిష్యుడంటే అలాగే ఉండాలి, గురువు మెత్తగా ఎక్కడుంటుందో తెలిసుండాలి. తప్పు ఎక్కడ మొదలవుతుంది, గడప బయటా, గడప లోపలా? దేవుణ్ణి అడిగితే ఆయన ఎప్పటిలాగే ఊరుకున్నాడు. జవాబు నేనే వెతుక్కోవాల్సి వచ్చింది.

“నేను అబద్ధమాడింది పొరుగింటావిడతో. నీళ్లు తాగి లేచొచ్చాను, ఆవిడ నా కోసం నాలుగు రోజులు కన్నీళ్లు పెట్టుకోలేదు. నువ్వు ఆ పిల్ల మనసులోకే అద్దెకి దిగి, చెప్పకుండా ఖాళీ చేశావు.”

వాడు కిటికీ వైపు చూశాడు. నేను గొంతు తగ్గించాను.

“ఎవరు అడిగారు?”

“పెళ్లికొడుకు తల్లి.”

“ఎలా ఉంటుందావిడ?”

చెయ్యి చెవి మీదికి వెళ్లింది.

“చూడలేదు. అంతా మెయిల్లోనే జరిగింది.”

“గొంతైనా విన్నావా?”

వాడు తల అడ్డంగా ఊపాడు. ఒక్కసారిగా ఆ వానాకాలం సాయంత్రం నా కళ్ల ముందుకొచ్చింది. వసారా చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి, వీడు తడిసిన చొక్కా కొస పిండుకుంటున్నాడు. ఆ రోజు రెండు సంగతులు నేర్పాను. ఒకటి కప్పు ప్రశ్న. రెండోది అంతకంటే పెద్దది. ఎవరి గురించైనా ఒక్క మాట చెప్పే ముందు, అడిగేవాళ్ల ఇంటికెళ్లు. వాళ్ల ముఖం చూడు. ముందు అడిగేవాణ్ణి చూడు, తర్వాతే ఎవరి గురించి అడిగారో వాళ్లని. ఆ నియమం తప్పకూడదని ఎన్ని కేసులు వదులుకున్నానో వీడికి తెలుసు.

“నాయనా, ఇరవై నాలుగేళ్ల పిల్ల, కళ్లజోళ్లు బిగించుకునే పిల్ల, ముఖం చూడకుండా ఒక మనిషితో కాఫీ కూడా తాగదు. ఇన్ని సర్టిఫికెట్లున్న నువ్వు ముఖం చూడకుండా ఆమె బతుకంతా ఎవరి చేతిలో పెట్టావు?”

వాడు నీళ్లు తాగాడు. ఫైల్లో ఏమేం ఉన్నాయని అడిగాను. వాడు ఒక్కొక్కటే చెప్పాడు. దుకాణం ఎక్కడుందో, ఏ దారిన ఇంటికెళ్తుందో, వానొస్తే ఎక్కడ ఆగుతుందో, అక్క ఏయే సాయంత్రాలు ఈత కొలనులో ఉంటుందో అన్నీ ఉన్నాయి. ఇల్లూ దుకాణం చెప్పను అని నియమం పెట్టుకున్న పిల్ల, నమ్మిన మనిషి ప్రేమగా అడిగేసరికి కొంచెం కొంచెంగా అన్నీ చెప్పేసింది. వీడియోలో ముఖం చూసింది. ఆ ముఖం ఎవరి పని మీద వచ్చిందో ఏ వీడియోలో కనిపిస్తుంది?

“ఆ కుర్రాణ్ణి పిలువు,” అన్నాను.

వెనకనున్న కాగితాల గదిలోంచి వచ్చాడు. పీలగా ఉన్నాడు, గడ్డం గీసుకోలేదు. మూడోసారి కలిసిన రోజు రిపోర్టు రాయనని చెప్పినందుకు కేసు లాగేసుకుని, ఆఫీసు ఫోను లాగేసుకుని, పాత కాగితాలు సర్దమని ఆ గదిలో కూర్చోబెట్టారట. దుకాణం నీకు తెలుసుగా, వెళ్లి చెప్పలేకపోయావా అన్నాను. రెండుసార్లు వీధి మొదటిదాకా వెళ్లి వెనక్కొచ్చాడట.

“నేను ఆమెకి చెప్పినవన్నీ నిజాలేనండీ. అబద్ధం ఒక్కటే. ఎందుకొచ్చానన్నది. ఆ ఒక్కటి చెప్తే మిగతావి కూడా అబద్ధాలైపోతాయి కదా.”

“అవుతాయో లేదో ఆ పిల్ల తేల్చుకుంటుంది. నువ్వు తేల్చేయకు.”

ఇంతలో నా సంచిలో ఫోన్ మోగింది. ఆ అమ్మాయే. గొంతు నిండా వెలుగు.

“పిన్నిగారూ, దొరికాడు. ఇప్పుడే మెసేజ్ పెట్టాడు. క్షమించు, అంతా చెప్తాను, మన కాఫీ గది వద్దు, మూతపడిన బట్టల మిల్లు వెనక గేటు దగ్గరికి రా అన్నాడు. అక్కని తీసుకురావద్దన్నాడు. అక్క నీళ్లలో ఉంది, ఫోన్ ఎత్తడం లేదు. ఎవరికో ఒకరికి చెప్పకుండా వెళ్లను కదా, అందుకని మీకు చెప్తున్నాను.”

నేను ఎదురుగా ఉన్న కుర్రాడి చేతుల వైపు చూశాను. కాగితాల దుమ్ము తప్ప ఏమీ లేదు. సర్టిఫికెట్ వైపు తిరిగి, ఆ ఖాతా ఇంకెవరి దగ్గరుందని మెల్లగా అడిగాను. మాటలన్నీ నేరుగా చదువుకునే వీలుండాలని క్లయింటు అడిగితే, వారం క్రితం పాస్‌వర్డ్ పంపాడట.

“ఎక్కడున్నావమ్మా?”

“దుకాణం మెట్ల మీద. హెల్మెట్ పెట్టుకుంటున్నా.”

“తీసెయ్యి. లోపలికెళ్లి నలుగురి మధ్య కూర్చో. ఆ మెసేజ్ అతను పెట్టింది కాదు. అతను ఇక్కడ నా ఎదురుగా నిలబడి ఉన్నాడు.”

అటువైపు తలుపు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు వినిపించాయి.

“మీ ఎదురుగా ఎందుకున్నాడు?”

“అది అతనే చెప్తాడు. మంచి మాటలు కావు. విని, నీకు తోచింది నువ్వు చెయ్యి. ముందు నేను చెప్పింది చెయ్యి. మెసేజ్ పెట్టినవాణ్ణి ఒక్కటి అడుగు. నేనిచ్చిన కప్పు ఏం చేశావు అని.”

కప్పు సంగతి మూడోసారి కలిసినప్పటిది. ఆ రోజుకి రిపోర్టు లేదు. ఫైలు చదివినవాడికి అది తెలిసే వీల్లేదు.

ఆమె టైపు చేస్తున్న వేళ్ల చప్పుడు. కుర్రాడు తన బల్ల దగ్గరికి వెళ్లి, పెన్నులు కుమ్మరించి, కప్పు రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు. సర్టిఫికెట్ టై వదులు చేసుకున్నాడు. నాకు ఎప్పటిదో గడప గుర్తొచ్చింది, ఇద్దరం చెవులు రిక్కించి లోపలి మాట కోసం ఎదురుచూసే రోజులు.

“వచ్చింది,” అంది. ఆ తర్వాత గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది. “పిన్నిగారూ… ‘ఏ కప్పు చిలకా’ అన్నాడు.”

పెళ్లికొడుకు తల్లి ఎవరో తెలిసిపోయింది.

“ఇంకొకటి వచ్చింది. ‘మళ్లీ లోపలికెందుకు వెళ్లావు’ అంటున్నాడు.”

మిల్లు దగ్గర లేడు వాడు. వీధిలోనే ఉన్నాడు, ఆ మెట్లు కనిపించేంత దూరంలో.

“షట్టరు దించమను మీ యజమానిని. నువ్వు కిటికీ వైపు రాకు. ఫోను పెట్టెయ్యకు, నాతో మాట్లాడుతూనే ఉండు. నా కళ్లజోడు మళ్లీ మసకబారింది, ఎలా తుడవాలో చెప్పు.”

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ముందు నీళ్లతో తడపాలి, పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. సర్టిఫికెట్ అప్పటికే తన ఫోన్లో పోలీసులతో మాట్లాడుతున్నాడు. తన ఆఫీసు పేరు చెప్పాడు, తన పేరు చెప్పాడు, ఫైలు తానే ఇచ్చానని చెప్పాడు. చెయ్యి చెవి దగ్గరికి వెళ్లలేదు.

కుర్రాడు కప్పు చొక్కా లోపల పెట్టుకుని తలుపు తీసి పట్టుకున్నాడు. నా మోకాళ్లు నా మాట వినవు, మెట్లు దిగేటప్పుడు నా పాత శిష్యుడు అడక్కుండానే మోచెయ్యి అందించాడు. దిగుతున్నంతసేపూ ఏదో చెప్పబోయి ఆగిపోయాడు, ఆఖరి మెట్టు దగ్గర అన్నాడు.

“మీరు నేర్పారు పిన్నీ. నేనే…”

“తర్వాత నాయనా,” అన్నాను. “ముందు అడిగేవాణ్ణి చూద్దాం పద.”